ఇరవై ఏడో నంబరు రైఫిలు

మా ఇంట్లో పాత ట్రంకుపెట్టె అడుగున, నా డిగ్రీ మార్కుల జాబితా దాచిన కవరులోనే, సిగరెట్టు పెట్టెల లోపలి తగరపు కాగితాలు పదకొండు ఉన్నాయి. పైకి చూస్తే ఎవరో నలిపి పారేసినవే అనిపిస్తాయి గాని, కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే వాటిమీద కిరీటాలూ అక్షరాలూ అంకెలూ ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతూ మా ఆవిడ వాటిని చెత్తబుట్టలో వేయబోతే నేను పెట్టిన కేకకి, అందులో పొలం దస్తావేజులేవో ఉన్నాయని ఆవిడ హడలిపోయింది. అవి ఒక రైఫిలు ఒంటిమీది గుర్తులకు నేను తీసుకున్న అచ్చులు. ఆ రైఫిలు నాది కాదు. దానితో నేను ఒక్క గుండు కూడా పేల్చలేదు. అయినా అది ఎక్కడ పుట్టి, ఏయే చేతులు మారి మా ఊరికి చేరిందో తెలుసుకోవడానికి నేను పడిన తాపత్రయం మా వంశం పుట్టుపూర్వోత్తరాల కోసం కూడా ఎన్నడూ పడలేదు.

1986లో నేను విజయనగరంలో డిగ్రీలో చేరాను. చీపురుపల్లి దగ్గరి మా పల్లె నుంచి తెల్లవారకముందే బయలుదేరి, పాసింజరు ఎక్కి, గరివిడి, నెల్లిమర్ల దాటి వచ్చేవాణ్ణి. ఎన్.సి.సి.లో చేరితే పెరేడు అయ్యాక పూరీ కూర పెడతారని సీనియర్లు చెప్పిన మాటే నన్ను అందులోకి లాగిందని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. మొదటి పెరేడు నాడు మా ఉస్తాద్, అంటే మాకు శిక్షణ ఇవ్వడానికి సైన్యం నుంచి వచ్చిన హవల్దారు, నన్నూ నా పక్కవాణ్ణీ వేలితో చూపించి “కోత్ మే జావో” అన్నాడు. విజయనగరంలో ఆ మాట వింటే ఎవరైనా ఏమనుకుంటారు? మేమిద్దరం గేటు దాటి, బజారు గుండా నడిచి, కోట సింహద్వారం దాకా వెళ్ళి, అక్కడ ఎవరిని ఏమని అడగాలో తెలియక పావుగంట నిలబడి, ఎండలో తిరిగి వచ్చాం. సైన్యం వాడుకలో కోత్ అంటే ఆయుధాలు భద్రపరిచే గది అనీ, అది మేము నిలబడిన మైదానానికి యాభై అడుగుల దూరంలోనే ఉందనీ అప్పటికి మాకు తెలియదు. 1713లో కట్టిన కోట ముందు నిలబడి రైఫిళ్ళ కోసం ఎదురుచూసిన కేడెట్లుగా మూడేళ్ళపాటు మా ఇద్దరి పేర్లూ చెప్పుకొని అందరూ నవ్వుకొన్నారు.

కోత్ అంటే కిటికీలకి దళసరి ఊచలున్న చిన్న గది. లోపల చెక్క స్టాండ్లలో రైఫిళ్ళు వరుసగా నిలబడి ఉండేవి, వాటి ట్రిగ్గరు గార్డుల గుండా ఒకే పొడవాటి గొలుసు పోయేది. తలుపు తీయగానే అవిసె నూనెదీ, పాత చెక్కదీ, తోలుపట్టీలదీ కలిసిన వాసన ఒకటి ముక్కుకి తగిలేది. అవన్నీ త్రీ నాట్ త్రీలే. గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యికి 303 వంతులు కాబట్టి ఆ పేరు. అయితే మాకిచ్చినవి కవాతు కోసం మాత్రమే పనికివచ్చేవి. గుండు కూర్చునే చోట గొట్టానికి అడ్డంగా కన్నం వేసి, బోల్టులోని, అంటే గుండుని లోపలికి తోసి మూసే కడ్డీలోని, సూదిని తీసేసి, చెక్కమీద తెల్లరంగు పట్టీలు వేసి, ‘డి.పి.’ అని అచ్చు కొట్టి ఉండేవి. డ్రిల్లు పర్పస్ అన్నమాట. పేలకపోయినా బరువు మాత్రం తగ్గలేదు. నాలుగు కిలోలకి కాస్త తక్కువ ఉండే ఆ నలభై నాలుగున్నర అంగుళాల వస్తువుని గంటసేపు బగల్ శస్త్ర, సలామీ శస్త్ర, బాజూ శస్త్ర అంటూ మోసి దింపితే సాయంత్రానికి అన్నం ముద్ద నోటి దాకా ఎత్తడం కష్టమయ్యేది. నాకు వచ్చినదాని బట్టు మీద, అంటే భుజానికి ఆనే వెనకటి చెక్క మీద, తెల్లరంగుతో 27 అని రాసి ఉంది. మూడేళ్ళూ అదే నా రైఫిలు.

దాని మీద అక్షరాలున్నాయని నేను మొదట గమనించింది ఆయుధపూజ నాడు. మహర్నవమికి సెలవైనా కొందరం వచ్చాం. మా ఉస్తాద్ ఉత్తరాది మనిషి. శస్త్రపూజ ఆయనకీ పట్టింపే. రైఫిళ్ళన్నీ బయటికి తెచ్చి, జంపఖానా మీద వరుసగా పడుకోబెట్టి, సాంబ్రాణి వేసి, కొబ్బరికాయ కొట్టి, ఒక్కొక్కదానికీ పసుపూ కుంకుమా పెట్టమన్నాడు. బట్టు మొదలయ్యే చోట, చెక్కని పట్టి ఉంచే ఇనుప కంఠం మీద నేను బొటనవేలితో తడి కుంకుమ పులిమాను. పూజ అయ్యాక గుడ్డతో తుడిస్తే పైన ఉన్నదంతా పోయింది గాని, ఏళ్ళ తరబడి నూనె మడ్డి పట్టి కనబడకుండా ఉన్న గీతల్లో కుంకుమ నిలిచిపోయింది. నల్లటి ఇనుము మీద ఎర్రటి అక్షరాలు ఒకదాని కింద ఒకటి తేలాయి. పైన ఒక కిరీటం. దాని కింద ‘జి.ఆర్.’ దాని కింద ‘బి.ఎస్.ఎ. కో.’ దాని కింద 1917 అనే సంవత్సరం. అన్నిటికన్నా కింద ‘ఎస్‌హెచ్‌టి. ఎల్.ఇ.’ అని, రోమన్ అంకెల్లో మూడు అని, దాని పక్కన చిన్న నక్షత్రం. నేను జంపఖానా మీదే చతికిలబడి వాటిని చూస్తూ ఉండిపోయాను. మా తాతయ్య పుట్టక ముందటి వస్తువుని నేను భుజాన మోస్తున్నానన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

జి.ఆర్. అంటే జార్జి రెక్స్, రెక్స్ అంటే లాటిన్‌లో రాజు అని ఉస్తాద్ చెప్పాడు. మిగిలిన వాటిలో నాకు వెంటనే అర్థమైనది బి.ఎస్.ఎ. ఒక్కటే, అదీ తుపాకుల వల్ల కాదు. మా తాతయ్యకి యుద్ధం నుంచి వచ్చాక కొనుక్కున్న ఇంగ్లండు సైకిలు ఒకటి ఉండేది. దాని చైను చక్రంలో బి, ఎస్, ఎ అనే మూడు అక్షరాలు కోసి ఉండేవి. ముందు భాగంలో హేండిలు కింద అంటించిన బిళ్ళ మీద మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ ఉండేది. పిల్లలం దాన్ని మూడు కర్రల మంచెగా అనుకొనేవాళ్ళం. సైకిలు బిళ్ళ మీద మంచె ఎందుకుంటుందని మాలో ఒక్కడికీ అనుమానం రాలేదు. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ 1861లో అక్కడి తుపాకుల పనివారు పద్నాలుగుమంది కలిసి పెట్టుకున్నదనీ, తుపాకులకి గిరాకీ తగ్గిన కాలంలో, 1880 నుంచి, అదే యంత్రాల మీద సైకిళ్ళ తయారీకి దిగిందనీ ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ ఒక్క కంపెనీయే పదిహేను లక్షలకు పైగా రైఫిళ్ళు చేసింది. నా ఇరవై ఏడో నంబరు వాటిలో ఒకటి. కాలేజీలో రైఫిలు మోసి, ఇంటికి వెళ్ళి అదే కంపెనీ సైకిలు తొక్కుతున్నానన్నమాట.

నక్షత్రం సంగతి వేరు. సైన్యంలో భుజాన నక్షత్రం ఉంటే పెద్ద హోదా కాబట్టి, నా రైఫిలు ఏదో ఘనకార్యం చేసి ఉంటుందని నేను నిశ్చయించుకున్నాను. నక్షత్రం లేని రైఫిలు దొరికిన మిత్రుడి ముందు కొన్నాళ్ళు గొప్పలు కూడా పోయాను. నిజం ఆ తర్వాత ఎప్పటికో తెలిసింది. ఎస్‌హెచ్‌టి. ఎల్.ఇ. అంటే షార్టు లీ-ఎన్‌ఫీల్డు. దాని మూడో మార్కు, అంటే మూడో నమూనా, 1907లో వచ్చింది. లీ అంటే దాని బోల్టునూ మ్యాగజైనునూ రూపొందించిన జేమ్స్ పారిస్ లీ. ఎన్‌ఫీల్డు అంటే గొట్టం లోపలి మెలికల గాళ్ళు తీర్చిన లండన్ దగ్గరి కర్మాగారం. ఆ మూడో మార్కుకి ఎడమ పక్కన చాలా ఎక్కువ దూరానికి గురి చూసుకునే చక్రం ఒకటీ, మ్యాగజైనులోని గుళ్ళు పైకి రాకుండా మూసే రేకు ఒకటీ ఉండేవి. యుద్ధం ముదిరి రైఫిళ్ళు చాలక, త్వరగా తయారు కావాలని 1916లో వీటిని తీసేశారు. అలా తీసేసిన నమూనాకే పేరు పక్కన నక్షత్రం పెట్టారు. అంటే నక్షత్రం బిరుదు కాదు, కోత. నా మిత్రుడి రైఫిలే పూర్తి సామానుతో పుట్టింది. ఈ సంగతి తెలిసేసరికి అతను పూణేలో ఉద్యోగంలో ఉన్నాడు; ఉత్తరం రాసి మరీ క్షమాపణ చెప్పుకున్నాను.

అక్కడి నుంచి నాకు పిచ్చి పట్టిందనే అనాలి. మొదట నోటుపుస్తకం కాగితం మీద పెన్సిలు రుద్ది అచ్చు తీద్దామని చూశాను గాని, ఇనుప కంఠం గుండ్రంగా ఉండటంతో కాగితం జారిపోయేది. స్టేషను ముందు టీకొట్టు దగ్గర పారేసిన సిగరెట్టు పెట్టెల్లోని తగరపు కాగితం చేతికి వచ్చినప్పుడు ఆలోచన తట్టింది. దాని వెనక అంటుకున్న పలచటి తెల్ల కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి ఒలిచేసి, తగరాన్ని గుర్తు మీద పరచి, బొటనవేలి గోరుతో కాదు, కండతో, మెల్లగా నొక్కుతూ పోతే, అక్షరం లోతు అక్షరంగా దిగేది. గోరు తగిలిందా చిరిగేదే. ఒక్కో అచ్చుకి మూడు నాలుగు కాగితాలు పాడయ్యేవి. టీకొట్టు దగ్గర నేను వంగి పెట్టెలు ఏరుకోవడం చూసిన మా ఊరివాడొకడు నేను సిగరెట్లు మొదలుపెట్టానని మా నాన్నతో చెప్పాడు. అది వేరే కథ.

వెతికేకొద్దీ గుర్తులు దొరికాయి. గొట్టం మొదట్లో కిరీటం కింద అడ్డంగా పెట్టిన రెండు జెండాలూ, ‘పి’ అనే అక్షరమూ ఉన్నాయి. మామూలు కన్నా ఎక్కువ మందు దట్టించిన గుండుతో పేల్చి, తట్టుకుందని రూఢి చేసుకున్నాక కొట్టే ముద్ర అది. చిన్నచిన్న భాగాల మీద, స్క్రూ తలంత చోటులో, కిరీటం, దాని కింద ఒక అంకె, దాని కింద ‘బి’ అని ఉండేది. బి అంటే బర్మింగ్‌హామ్. అంకె ఆ భాగాన్ని కొలిచి చూసి సరేనన్న పరిశీలకుడిది. పేరు లేకుండా అంకెగా మిగిలిపోయిన ఆ మనుషులు నాకు భలే నచ్చారు. బోల్టు పిడి వెనక ఉన్న నంబరూ, రైఫిలు నంబరూ ఒకటే కావాలి. నా దాని బోల్టు మీద మాత్రం పాత నంబరుకి అడ్డంగా గీత కొట్టి, పక్కన కొత్త నంబరు వేసి ఉంది. ఏదో మరమ్మతులో వేరే రైఫిలు బోల్టు దీనికి వచ్చి చేరింది. మారుమనువు అన్నాడు మా ఉస్తాద్, హిందీలో, ఇంకొంచెం మోటుగా.

కోత్‌లో అన్నీ ఒక ఊరివి కావని కూడా అప్పుడే తెలిసింది. కొన్నిటి మీద ఇషాపూర్ అని ఉండేది. కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున 1904లో పెట్టిన రైఫిలు ఫ్యాక్టరీ అది. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన వాటి మీద కిరీటం పోయి సింహాల ముద్ర వచ్చింది. ఒకదాని మీద ‘ఎం.ఎ. లిత్‌గో 1942’ అని ఉండటం చూసి, తన రైఫిలు ఎం.ఏ. చదివిందనీ మావన్నీ ఇంటరు తప్పినవనీ దాని కేడెట్టు మమ్మల్ని ఏడిపించేవాడు. లిత్‌గో ఆస్ట్రేలియాలో ఉంది, ఎం.ఎ. అంటే ఆ దేశపు మందుగుండు శాఖ, మ్యూనిషన్స్ ఆస్ట్రేలియా.

నాకు కొరుకుడు పడని గుర్తు ఒకటి మిగిలింది. పైకి చూస్తున్న కాకికాలు లాంటి బాణం, దాని కింద ‘ఐ’ అనే అక్షరం. అచ్చు తీసుకొని ఒక ఆదివారం మా తాతయ్యకి చూపించాను. ఆయన యుద్ధకాలంలో మద్రాసు శాపర్స్‌లో, అంటే సైన్యపు ఇంజనీరింగు దళంలో, చేరి, బెంగుళూరులో తర్ఫీదై, బర్మాలో వంతెనలు కట్టి, 1946లో ఇంటికి వచ్చినవాడు. యుద్ధం గురించి అడిగితే జలగల గురించి చెప్పేవాడు తప్ప ఇంకేమీ చెప్పేవాడు కాదు. అరుగు మీద కూర్చుని, తగరం ముక్కని కళ్ళద్దాలకి ఆనించినంత దగ్గరగా పెట్టుకొని చూశాడు.

“ఇది నీకెక్కడిదిరా?”

“మా కాలేజీ రైఫిలు మీదిది తాతా. ఏటో తెలీట్లేదు.”

“తెలీకపోడానికేటుంది. కాకికాలు సర్కారుది. ఐ అంటే ఇండియా సర్కారు. మా బూట్ల మీద, గునపాల మీద, నీళ్ళ సీసా మీద, అన్నిటి మీదా ఇదే ఉండీది.” కాసేపాగి, “జి.ఆర్. ఒక్కటే ఉందా, ఎనకాల ఐ కూడా ఉందా?” అన్నాడు.

జి.ఆర్. మాత్రమే ఉందని చెప్పాను.

“అయితే ఆ దేశంలో సేసిందే. మాకిచ్చినదాని మీద జి.ఆర్.ఐ. అని ఉండీది. ఆడకి రాజు, మనకి సక్రవర్తి.”

ఆ మాట ఎంత కచ్చితమో తెలియడానికి నాకు చాలా యేళ్ళు పట్టింది. చివరి ఐ ఇంపరేటర్, అంటే చక్రవర్తి. ఇషాపూర్‌లో చేసిన రైఫిళ్ళ మీద ఆ మూడక్షరాలూ ఉంటాయి. మా మామ్మ దాచుకున్న పాత వెండి రూపాయల మీద కింగ్ ఎంపరర్ అని ఉండేది కూడా ఇందుకే. ఆ రోజు మాత్రం నన్ను ఆకట్టుకున్నది ఆయన చెయ్యి. మాట్లాడుతూనే, పక్కనున్న చేతికర్రని తీసుకొని, కుడిచెయ్యి బోల్టు పిడి ఉండవలసిన చోటికి పోయి, పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకి తోసి, కిందికి దించింది. నలభై యేళ్ళు నాగలి పట్టిన చెయ్యి దాన్ని మరిచిపోలేదు. రాత్రి పడుకున్నప్పుడు రైఫిలు పట్టీని మణికట్టుకి చుట్టుకొని పడుకునేవాళ్ళమనీ, యుద్ధం నుంచి వచ్చిన కొత్తలో చేతికి ఏమీ చుట్టుకోకపోతే నిద్ర పట్టేది కాదనీ ఆ పూటే చెప్పాడు. అప్పుడు దేన్ని చుట్టుకొనేవాడివి తాతా అంటే, “మీ మామ్మ కొంగు” అని, లోపల్నుంచి ఆవిడ ఏదో అనేలోగా లేచి పశువుల పాక వైపు వెళ్ళిపోయాడు.

ఇక నేను చేసిన పాపం. గణతంత్ర దినోత్సవం కవాతుకి ముందు, రైఫిళ్ళ చెక్క మెరవాలని మాకు పై నుంచి ఆజ్ఞ వచ్చింది. నా రైఫిలు చెక్క ఇంగ్లండుది కాదని, ఎప్పుడో ఇషాపూర్‌లో మార్చారని దాని ముందుభాగంలో అడ్డంగా దిగిన స్క్రూ చెబుతుంది. మన ఎండకీ వానకీ చెక్క పగలకుండా ఇషాపూర్ వారు వేసిన ఏర్పాటు అది. సేకరణ చేసేవాళ్ళు ఇప్పటికీ దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. బట్టు కుడి పక్కన, నూనె నల్లదనంలో, రూపాయి కన్నా పెద్దదైన గుండ్రటి ముద్ర ఒకటి మసకగా ఉండేది. ఆ చెక్క ఏ సంవత్సరం బిగించారో అందులోనే ఉండి ఉంటుంది. గరుకు కాగితం ఇస్తే గొప్ప ఉత్సాహంతో ఇరవై నిమిషాల్లో దాన్ని సాపుచేసి, అవిసె నూనె పట్టించి, తేనెరంగు వచ్చిందని మురిసిపోయాను. సాయంత్రం అచ్చు తీద్దామని తగరం పట్టుకొని కూర్చుంటే నా వేలి కింద నున్నటి చెక్క తప్ప ఏమీ తగల్లేదు. అర్ధశతాబ్దం పాటు చెమటా మడ్డీ కాపాడిన ముద్రని నేనే నా చేతులతో చెరిపేశాను. కవాతులో మా దళానికి మెప్పు దక్కింది. ఇప్పుడు ఎవరైనా పాత వస్తువు దేన్నయినా తళతళలాడేలా తోమి చూపిస్తే నాకు ముందు కడుపులో తిప్పినట్టవుతుంది.

బట్టు వెనక ఇత్తడి పలక ఉంటుంది. దాని మధ్యలో చిన్న తలుపు తెరిస్తే లోపల బొరియ. అందులో గొట్టం తుడిచే తాడు, అంటే పుల్‌త్రూ, దానితోపాటు ఇత్తడి నూనె సీసా ఉండాలి. మా కోత్‌లో ఏ రైఫిలులోనూ సీసాలు లేవు. అలాంటి సీసా ఒకటి మా ఇంట్లో ఉంది. మామ్మ కుట్టుమిషనుకి నూనె పోసేది దానితోనే. చూపుడువేలంత పొడవు, మరతో బిగిసే మూత, ఆ మూతకి లోపలివైపు చిన్న చెంచా లాంటి పుల్ల. మెడ దగ్గర కాకికాలు. తాతయ్య వంటిమీద బట్టల్తో పాటు బర్మా నుంచి పొరపాటున వచ్చేసిందట. సైన్యం అది పోయిందని రాసుకొని జీతంలో కోసుకొందట.

మూడో సంవత్సరంలో ఒకనాడు దాన్ని మామ్మకి చెప్పకుండా జేబులో వేసుకొని కాలేజీకి తీసుకువెళ్ళాను. ఇరవై ఏడు బట్టు తలుపు తెరిచి లోపలికి జార్చాను. టక్కుమని అడుగుకి చేరింది. తలుపు మూసుకుంది. ఇషాపూర్‌లో మార్చిన చెక్కలో తొలిచిన కొలతకీ, మా తాతయ్య బర్మాలో మోసిన సీసాకీ వెంట్రుక తేడా లేదు. దాన్ని అలాగే ఉంచి పెరేడు చేశాను. ప్రతి బాజూ శస్త్రకీ లోపల అది చిన్నగా కదిలిన చప్పుడు నాకు ఒక్కడికే వినబడింది. ఆ తర్వాత పరీక్షలొచ్చాయి. సెలవుల తర్వాత సర్టిఫికెట్టు కోసం వెళ్ళేసరికి కోత్‌లో స్టాండ్లు సగం ఖాళీగా ఉన్నాయి. పాతవి కొన్నిటిని లారీలో డిపోకి పంపేశారట. జాబితాలో ఇరవై ఏడు ఉంది. సీసా దాని కడుపులోనే ఉండిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నసుగుతూ తాతయ్యకి చెప్పాను. ఆయన మజ్జిగ గ్లాసు దించి కాసేపు నవ్వాడు.

“పోన్లేరా. సర్కారోళ్ళది సర్కారోళ్ళకే సేరింది. జీతంలో కోసిన డబ్బులు ఎనక్కి అడగాలి గావాల.”

మామ్మకి నవ్వు రాలేదు. మర్నాటి నుంచి మిషనుకి నూనె కంటిమందు సీసాతో పోసుకొంటూ, అది సరిగ్గా కారనప్పుడల్లా నా వైపు ఒక చూపు చూసేది.